జె.బి.ఎస్. హాల్డేన్

జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్ (నవంబరు 5, 1892 - డిసెంబరు 1, 1964) సుప్రసిద్ధ జన్యుశాస్త్రవేత్త. ఇంగ్లండులో జన్మించి, 1961లో భారత పౌరసత్వం స్వీకరించాడు.

తొలి జీవితం

హాల్డేన్ ఆక్స్‌ఫర్డులో జన్మించాడు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియపై పరిశోధనలు చేసిన శాస్త్రవేత్త. హాల్డేన్ విశ్వవిద్యాలయంలో అభ్యసించినవి గణితము, గ్రీకు, లాటిను సాహిత్యాలు. విచిత్రమేమంటే విజ్ఞానశాస్త్రంలో ఆయనకు పట్టా ఏదీ లేదు. అనంతరం కేంబ్రిడ్జిలోను, లండను యూనివర్సిటీ కాలేజీలోను బోధించాడు.

హాల్డేన్ నియమం

క్షీరదాలలో ఆడజీవికి రెండు ఎక్స్ క్రోమోజోములు, మగజీవికి ఒక ఎక్స్, ఒక వై ఉంటాయి. తండ్రి బీజకణాలలో సగం ఎక్స్‌ను, సగం వైని మోస్తాయి కనుక సంతానంలో ఆడ, మగ సంఖ్యలు దాదాపు సమానం. ఆడపిల్ల పుట్టినందుకు తల్లిని నిందించుటకు శాస్త్రాధారం లేదని దీనివలన స్పష్టమవుతుంది. పక్షులలో, సీతాకోకచిలుకలలో ఈ అమరిక తారుమారై, భిన్న క్రోమోజోములు ఆడజీవికి ఉంటాయి.

1922లో హాల్డేన్ ఒక నియమం ప్రతిపాదించాడు. రెండు జాతుల సంకర సంతానంలో ఒక లింగం లోపించినా, అరుదైనా, వంధ్యమైనా, సాధారణంగా అది భిన్న లింగ క్రోమోజోములు కలిగినదే అయి ఉంటుంది. సింహము, పులి సంకరంలో మగవి వంధ్యములు కాగా, ఆడవి కొన్ని పిల్లలను కన్నాయి. పక్షులలో ఎక్కువగా ఆడవాటికే ఈ స్థితి. మనకు బాగా తెలిసిన కంచరగాడిద ఇందుకు తగిన ఉదాహరణ కాదు, దానిలో రెండు లింగాలూ దాదాపు ఎల్లప్పుడూ వంధ్యములే. కొత్త జాతులు ఏర్పడే విధానాన్ని పరిశీలించేవారికి ఈ నియమం నేటికీ ఆధారం.

1937లో జూలియా బెల్‌తో కలసి, హీమోఫీలియా, వర్ణాంధత్వముల జన్యువులు ఎక్స్ క్రోమోజోముపై దగ్గరగా ఉన్నవని చూపాడు.

ఆంధ్రదేశంతో సంబంధం

1957లో హాల్డేన్, భార్య హెలెన్ స్పర్వేతో కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థకు వచ్చాడు. పిఠాపురానికి చెందిన కృష్ణ ద్రోణంరాజు అక్కడ ఆయన శిష్యుడయ్యాడు. కొందరు పురుషుల చెవులపై దట్టంగా పెరిగే వెంట్రుకలు తండ్రి నుండి కొడుకుకు వస్తున్న తీరును ఆంధ్ర కుటుంబాలలో పరిశీలించి, ఇది వై క్రోమోజోము లక్షణమని ద్రోణంరాజు 1960లో ప్రకటించాడు. పాఠ్యపుస్తకాలలో చాలాకాలం నిలిచిన ఈ అభిప్రాయాన్ని, 2004లో దక్షిణ భారత పురుషులపై వెలువడిన డి.ఎన్.ఏ. పరిశోధన సమర్థించలేదు. వంశవృక్షం ఒక్కటే చాలదనుటకు ఇది మంచి నిదర్శనం.

1962లో హాల్డేన్ భువనేశ్వరులో ప్రయోగశాల నెలకొల్పాడు. రెండేళ్ళకే అక్కడ క్యాన్సరు వ్యాధితో మరణించాడు. తన దేహం వైద్యవిద్యకు ఉపయోగపడాలన్న ఆయన కోరిక మేరకు, దానిని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. ఆయన అస్థిపంజరాన్ని అక్కడే భద్రపరచారు.