ఇక్బాల్ తొలి కవితలు – తొలి పత్రికలు

అల్లామా ఇక్బాల్ పేరు వినని ఉర్దూ విద్యార్థి ఉండడు. తెలుగు విద్యార్థికి సైతం ఆయన ‘తరానా-ఎ-హింద్’ చిన్ననాటి నుండి పరిచితమే. అయితే ఆ మహాకవి కూడ ఒకప్పుడు తన కవితను అచ్చుకు ఇవ్వడానికి వెనుకాడిన యువకుడేనన్న సంగతిని మనం అంతగా తలచుకోము. మన కళాశాలలో నోటు పుస్తకపు చివరి పుటలలో కవితలు వ్రాసి దాచుకొనే వారి కోసమే ఈ కథను ఎన్నుకొన్నాము.

ఇక్బాల్ 1877 నవంబరు 9న సియాల్‌కోటలో జన్మించారు. అచట మౌల్వీ మీర్ హసన్ వద్ద అరబ్బీ, పారశీక సాహిత్యాలు అభ్యసించారు. ఆనాడు ఉర్దూ కవి కాదలచిన వానికి పత్రిక కంటె ముందు ఉస్తాదు కావాలి. నిజాం ప్రభువు మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కు కవితాగురువైన దాగ్ దెహ్లవీ అప్పుడు మన హైదరాబాదులో ఉండేవారు. దేశం నలుమూలల నుండి శిష్యులు గజళ్ళను తపాలాలో పంపేవారు; ఆయన దిద్ది తిప్పి పంపేవారు. ఇక్బాల్ కూడ అట్లే పంపారు. కొద్దికాలానికే, దిద్దవలసినది స్వల్పమేనని దాగ్ తెలియజేశారు. అంత గొప్ప గురువు అంత త్వరగా శిష్యుని విడిచిపెట్టడం ఆయన ఔదార్యానికి నిదర్శనమని మా అభిప్రాయం.

ఆ కాలంలో ‘గుల్‌దస్తా’లనే పత్రికలు ఉండేవి. సంపాదకుడు ఒక పాదాన్ని ప్రకటించేవాడు. దానిని ‘మిస్రా-ఎ-తరహ్’ అంటారు. కవులు అదే ఛందస్సులో, అదే అంత్యప్రాసతో గజల్ వ్రాసి పంపాలి. మన సమస్యాపూరణానికి ఇది దూరపు చుట్టం. క్రొత్తవారికి ఇంతకంటె సులభమైన ద్వారం లేదు. కాని ఇచ్చిన ప్రాస వెంట నడిచే కవికి తన మాట తాను చెప్పుకొనే అవకాశమూ తక్కువే. 1893-94 ప్రాంతంలో ఢిల్లీ నుండి వెలువడిన ‘జబాన్’లో ఇక్బాల్ గజళ్ళు కొన్ని అచ్చయ్యాయి.

1895లో ఆయన లాహోరు చేరి ప్రభుత్వ కళాశాలలో చదువు కొనసాగించారు. 1899లో తత్త్వశాస్త్రంలో ఎం.ఏ. పూర్తి చేశారు. లాహోరు ముషాయిరాలలో పేరు వచ్చింది. 1900లో అంజుమన్ హిమాయతె ఇస్లాం సభలో చదివిన ‘నాలా-ఎ-యతీమ్’ శ్రోతలను కదిలించింది.

ఒక సాహిత్య సమావేశంలో హిమాలయంపై వ్రాసిన నజ్మ్ చదివారు. అచ్చు వేయవలసినదని కోరినా, ఇంకా సవరించవలసి ఉన్నదంటూ కాగితం వెంట తీసుకొని వెళ్ళిపోయారు. ఇంతలో మిత్రుడు షేక్ అబ్దుల్ ఖాదిర్ ‘మఖ్‌జన్’ అనే మాసపత్రిక తలపెట్టి, తొలి సంచికకు కవిత అడిగారు. సిద్ధంగా ఏదీ లేదన్నారు ఇక్బాల్. హిమాలయ కవిత ఇచ్చి, వచ్చే నెలకు మరొకటి వ్రాయమన్నారు ఖాదిర్. లోపాలున్నవన్న సంకోచం ఇక్బాల్‌ను విడువలేదు. చివరకు ఖాదిర్ ఆ కాగితాన్ని ఇంచుమించు బలవంతంగానే తీసుకొన్నారు. 1901 ఏప్రిల్‌లో, ‘మఖ్‌జన్’ ప్రథమ సంచికలో, ‘హిమాలా’ వెలువడింది. అచ్చుకు తొందరపడే కవులను మనం చూస్తూనే ఉంటాము. అడిగి, వేచి, లాగుకొనే సంపాదకులు మాత్రం అరుదు.

అటుపై 1905లో విదేశ ప్రయాణం వరకు ‘మఖ్‌జన్’ సంచికలలో ఇంచుమించు ప్రతిదానా ఆయన కవిత ఉండేది. ఇతర పత్రికలూ కోరసాగాయి. ‘తరానా-ఎ-హింద్’ 1904 ఆగస్టులో ‘ఇత్తెహాద్’ వారపత్రికలో మొదట వచ్చింది.

దాగ్ 1905లో హైదరాబాదులోనే కన్నుమూశారు. శిష్యుడు ఆయనపై స్మృతిగీతం రచించారు. 1910లో ఇక్బాల్ హైదరాబాదు వచ్చి, గోలకొండ చెంత కుతుబ్‌షాహీ సమాధులను దర్శించారు. ‘గోరిస్తానె షాహీ’ ఆ దర్శన ఫలమే. అదీ ‘మఖ్‌జన్’లోనే వెలువడింది.

ఇన్ని పత్రికలు అడిగినా, ఆయన తొలి ఉర్దూ కవితాసంపుటి ‘బాంగె దరా’ 1924 వరకు రాలేదు. పత్రికలలో వచ్చిన ఎన్నో కవితలను ఆయన నిర్దాక్షిణ్యంగా వదలివేశారు. పీఠిక వ్రాసినది అబ్దుల్ ఖాదిరే. మొదటి కవిత ‘హిమాలా’. ఇరవైమూడేళ్ళనాడు ఇంకా సవరించాలన్న కవి, ఆ పని అప్పటికి పూర్తిచేసి, కొన్ని చరణాలు తీసివేసి మరీ అచ్చుకిచ్చారు.