పిల్లికూన పేరుతో చిరస్మరణీయులైన హజ్రత్ అబూ హురైరా (రజి)

హజ్రత్ అబూ హురైరా (రజి) పేరు వినని ముస్లిం కుటుంబం ఉండదు. జుమా ప్రసంగంలోనో, మక్తబ్‌లోనో, రమజాన్ రాత్రుల తాలీమ్‌లోనో ఆ పేరు మన చెవిన పడుతూనే ఉంటుంది. అయితే దాని అర్థమేమిటని అడిగితే మా విద్యార్థుల్లో చాలామంది తెల్లమొహం వేస్తారు. అరబ్బీలో హిర్రా అంటే పిల్లి, హురైరా అంటే పిల్లికూన, అబూ అంటే తండ్రి. ఉమ్మత్‌కు అందరికంటే ఎక్కువ హదీసులు అందించిన మహనీయుణ్ణి పధ్నాలుగు శతాబ్దాలుగా ముస్లిం లోకం ఒక పిల్లికూన పేరుతోనే గౌరవంగా తలచుకుంటోంది. ఆ పేరు వెనుక ఉన్న జీవితాన్ని ఈ శుక్రవారం పాఠకుల ముందు ఉంచదలిచాము.

దౌస్ తెగ కాపరి

యెమన్ ప్రాంతంలోని దౌస్ తెగలో ఆయన జన్మించారు. అనాథగా పెరిగారు. ఇస్లాంకు పూర్వం ఆయన పేరేమిటన్న దానిపై చరిత్రకారుల్లో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ఇస్లాం స్వీకరించాక అబ్దుర్రహ్మాన్ అయ్యారన్నది ఎక్కువమంది ఆమోదించిన మాట. చిన్నతనంలో ఇంటివాళ్ల గొర్రెలు కాసేవారు. ఆ రోజుల్లో ఆయన దగ్గర ఒక పిల్లికూన ఉండేది. రాత్రివేళ దాన్ని చెట్టుమీద ఉంచేవారు. తెల్లవారగానే వెంట తీసుకువెళ్లి దానితో ఆడుకునేవారు. అది చూసి ఇంటివాళ్లే ఆయనకు అబూ హురైరా అని పేరుపెట్టారు. ఈ సంగతి ఆయన స్వయంగా చెప్పగా ఇమామ్ తిర్మిజీ తన హదీసు గ్రంథంలో నమోదు చేశారు.

కళ్యాణదుర్గం, రాయదుర్గం బీళ్లలో గొర్రెలు కాసే పిల్లలను చూసినవారికి ఈ దృశ్యం కొత్తది కాదు. నక్కలూ కుక్కలూ తిరిగే మేతనేలలో ఒక పసికూనకు చెట్టుకొమ్మకు మించిన భద్రమైన చోటు రాత్రిపూట మరేముంటుంది? తండ్రిలేని ఆ పిల్లవాడి చేతిలో చిల్లిగవ్వ లేదు. అయినా తనకంటే నిస్సహాయమైన ప్రాణి రాత్రి ఎక్కడ పడుకోవాలన్న ఆలోచన అతనికి ఉంది.

దౌస్ నాయకుడు తుఫైల్ బిన్ అమ్ర్ (రజి) ద్వారా ఆయనకు ఇస్లాం సందేశం అందింది. హిజ్రీ 7వ సంవత్సరంలో, ఖైబర్ యుద్ధ సమయంలో, ఆయన మదీనా చేరారు. అప్పటికి వయసు సుమారు 30 ఏళ్లు. అంతకుముందు బుస్రా బిన్తె గజ్వాన్ అనే సంపన్నురాలి దగ్గర పనిచేశారు. కడుపుకు ఇంత తిండి, ప్రయాణంలో వంతు వచ్చినప్పుడు వాహనం ఎక్కే వీలు, ఇదే ఆయన కూలి. కాలం మారి, తర్వాత ఆ మహిళే ఆయనకు భార్య అయ్యారు.

సుఫ్ఫా అరుగుమీద ఆకలి

మదీనాలో ఆయనకు ఇల్లు లేదు, వ్యాపారం లేదు, తోట లేదు. మస్జిదె నబవీలో సుఫ్ఫా అనే అరుగుమీద నిలువనీడ లేని పేద సహాబీలు ఉండేవారు. ఆయనా వారిలో ఒకరయ్యారు. ఒక్కోసారి ఆకలికి తాళలేక కడుపుకు రాయి కట్టుకునేవారు.

ఒకరోజు ఆకలి మరీ ఎక్కువై జనం నడిచే దారిలో కూర్చున్నారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) అటు వచ్చారు. ఒక ఆయత్ గురించి అడిగారు. ఆయత్ తెలియక కాదు, ఆ మిషతో ఇంటికి పిలిచి ఏదైనా పెడతారేమోనన్న ఆశతో. ఆయన సమాధానం చెప్పి వెళ్లిపోయారు. హజ్రత్ ఉమర్ (రజి) విషయంలోనూ అలాగే జరిగింది. తర్వాత దైవప్రవక్త (స) వచ్చి, ముఖం చూడగానే సంగతి గ్రహించి, చిరునవ్వుతో వెంట తీసుకువెళ్లారు. ఇంట్లో ఎవరో పంపిన ఒక పాత్రెడు పాలు ఉన్నాయి. సుఫ్ఫావారందరినీ పిలుచుకురమ్మని ప్రవక్త (స) ఆదేశించారు. అంతమంది తాగాక తనకు మిగిలేదేమిటని అబూ హురైరా (రజి)కు మనసులో దిగులు కలిగింది. అయినా ఆజ్ఞ శిరసావహించారు. ఆయన చేతనే అందరికీ పాలు ఇప్పించారు ప్రవక్త (స). అల్లాహ్ శుభంతో అందరూ కడుపునిండా తాగారు. తర్వాత ఆయనచేత, ఇక చోటు లేదనేదాకా, తాగించారు. చివరగా తాము తాగారు. ఆకలిగొన్న మనిషి చేతికే వడ్డించే పాత్ర ఇచ్చిన ఈ శిక్షణను మనం ఊరికే విని వదిలేయరాదు.

ఆయన తల్లి చాలాకాలం ఇస్లాంను అంగీకరించలేదు. ఒకసారి ఆమె ప్రవక్త (స)ను నిందించగా ఆయన ఏడుస్తూ వచ్చి, తల్లి కోసం దుఆ చేయమని వేడుకున్నారు. ప్రవక్త (స) దుఆ చేశారు. ఇంటికి వెళ్లేసరికి తల్లి స్నానం చేసి, తలుపు తీసి, కలిమా పలికారు. ఈసారి ఆయన ఆనందంతో ఏడుస్తూ తిరిగివచ్చారు.

ప్రవక్త (స) సన్నిధిలో ఆయనకు దక్కినది సుమారు నాలుగేళ్లే. ఆ కొద్దికాలంలో నీడలా వెన్నంటి ఉండి విన్నదాన్నల్లా గుండెలో దాచుకున్నారు. పునరావృతాలతో కలిపి ఆయన ఉల్లేఖనాలు 5,374 అని విద్వాంసులు లెక్కగట్టారు. ఆయన నుంచి హదీసు నేర్చినవారు సుమారు 800 మంది.

పదవి వచ్చినా మారని మనిషి

హజ్రత్ ఉమర్ (రజి) తమ ఖిలాఫత్‌లో ఆయన్ను బహ్రైన్ పాలకునిగా నియమించారు. తిరిగివచ్చాక సంపాదనకు లెక్క అడిగారు. తర్వాత మళ్లీ పదవి ఇవ్వజూపితే ఆయన వద్దన్నారు. అనంతరకాలంలో మదీనాకు తాత్కాలిక పాలకునిగా ఉన్నప్పుడు కూడా కట్టెలమోపు స్వయంగా మోసుకుంటూ బజారులో నడిచేవారు. అమీరుకు దారి ఇమ్మని తానే సరదాగా కేకవేసేవారు. ఇంట్లో రాత్రిని మూడు భాగాలు చేసి, తాను, భార్య, సేవకుడు వంతులవారీగా నమాజులో గడిపేవారు. హిజ్రీ 57, 59 సంవత్సరాల మధ్య, అంటే క్రీ.శ. 678 ప్రాంతంలో, సుమారు 78 ఏళ్ల వయసులో పరమపదించారు. మదీనాలోని జన్నతుల్ బఖీలో ఖననం చేశారు.

ఆయన వదిలివెళ్లిన అసలు ఆస్తి హదీసులే. వాటిలో రెండింటిని మన పిల్లలకు తప్పక నేర్పాలి. మొదటిది: ఒక స్త్రీ పిల్లిని కట్టేసింది. తాను తిండి పెట్టలేదు, నేలమీది పురుగూ పుట్రా తిననివ్వడానికి వదలనూ లేదు. అది చచ్చింది, ఆమె నరకం పాలయింది. రెండవది: దాహంతో అలమటించిన ఒక బాటసారి బావిలోకి దిగి నీళ్లు తాగి పైకి వచ్చాడు. అక్కడ ఒక కుక్క దాహంతో తడిమన్ను నాకుతోంది. అతను మళ్లీ బావిలోకి దిగి, మేజోడులో నీళ్లు నింపి, దాన్ని నోట కరచుకుని పైకి వచ్చి కుక్కకు తాగించాడు. అల్లాహ్ అతని పాపాలు క్షమించాడు. దిగుడుబావులు ఎరిగిన మన సీమవాసులకు ఆ రెండోసారి దిగడం ఎంత కష్టమో వివరించనక్కరలేదు.

పిల్లి గురించి ధర్మం చెప్పేది

సహాబీ అబూ ఖతాదా (రజి) వుజూ నీళ్ల దగ్గరకు పిల్లి వస్తే పాత్ర వంచి తాగనిచ్చారు. కోడలు ఆశ్చర్యంగా చూస్తుంటే, పిల్లి అశుద్ధమైనది కాదని, మన చుట్టూ తిరుగాడే జీవుల్లో ఒకటని ప్రవక్త (స) చెప్పినట్లు తెలిపారు. పిల్లి కాస్త తిన్న హరీసాను హజ్రత్ ఆయిషా (రజి) అది తిన్నచోటు నుంచే తిన్నారు. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం వేరే నీళ్లు ఉన్నప్పుడు పిల్లి ఎంగిలి నీళ్లు వాడకపోవడం మంచిది, అయితే ఆ నీళ్లు నాపాక్ కావు. ప్రవక్త (స) నిద్రిస్తున్న పిల్లికోసం తమ చొక్కా చేతిని కత్తిరించారన్న కథ బాగా ప్రచారంలో ఉంది గాని, హదీసు గ్రంథాల్లో దానికి ఆధారం లేదు. సహీ హదీసులు ఇన్ని ఉండగా మనకు కట్టుకథలతో పనిలేదు.

మన పూర్వీకులు ఈ బోధను పుస్తకాల్లోనే ఉంచలేదు. 13వ శతాబ్దంలో ఈజిప్టును ఏలిన సుల్తాన్ బైబర్స్ కైరోలో ఒక తోటను దిక్కులేని పిల్లుల పోషణకు వక్ఫ్ చేశాడు. ఆ తోట చేతులు మారిపోయినా, 1830లలో సైతం ఖాజీ ఇంటి ఆవరణలో సాయంత్రంపూట పిల్లులకు ఆహారం పెట్టేవారని అప్పుడు కైరోలో ఉన్న ఆంగ్ల పండితుడు ఎడ్వర్డ్ లేన్ రాశాడు.

కరవు నేలలో మన బాధ్యత

ఏటా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే నేల మనది. కరవు వస్తే ముందుగా పస్తులుండేవి నోరులేని జీవాలే. ఎద్దునైతే సంతకు తోలుతారు, దానికి వెల ఉంది. వీధిపిల్లికి వెల లేదు. వేరుశనగ బస్తాల మీద ఎలుకలు పడినప్పుడు అది కావాలి, ఈనగానే వద్దు. కూనలను గోనెసంచిలో మూటగట్టి చెరువుకట్ట అవతల విడిచివచ్చేవారు మన మధ్యనే ఉన్నారు. చంపలేదు కదా, వదిలేశాం కదా అని వారు సర్దిచెప్పుకుంటారు. పైన చెప్పిన స్త్రీ కూడా కత్తి పట్టలేదు, తిండికి దారి లేకుండా చేసిందంతే. ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును వదిలివేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం కూడా నేరమే.

చేయవలసినది పెద్దదేమీ కాదు. ఎండాకాలంలో గోడనీడన మట్టిమూకుడుతో నీళ్లు పెట్టి రోజూ మార్చండి. దస్తర్‌ఖాన్ మీద మిగిలిన బోటీ, ముద్దా ఒకే చోట, ఒకే వేళకు పెట్టండి. కూనలను కనీసం రెండు నెలలు తల్లిదగ్గర ఉంచి, ఆపైన ఇష్టపడే కుటుంబాలకు ఉచితంగా ఇవ్వండి. హైదరాబాదులో 1992లో ఏర్పడిన బ్లూక్రాస్ వంటి సంస్థలు ఆశ్రయం లేని జంతువులను ఇలాగే ఇళ్లకు దత్తత ఇస్తూ వచ్చాయి. అటువంటి సంస్థ లేని ఊళ్లో మొహల్లా పెద్దలు, మస్జిద్ కమిటీవారు పూనుకుంటే చాలు.

పిల్లి ఆరు నెలలైనా నిండకముందే చూలు కట్టగలదు, రెండు నెలల్లో ఈనుతుంది. కనుక పశువైద్యుని చేత సంతాన నిరోధక ఆపరేషన్ చేయించడం కూనలను పారేయడంకంటే ఎంతో మేలు. ఇది ధర్మసమ్మతమేనా అన్న సందేహం అక్కరలేదు. ప్రయోజనం ఉన్నప్పుడు, లేదా హాని తొలగించడానికి పిల్లికి వృషణాలు తీయించడంలో తప్పులేదని ఔరంగజేబు కాలంలో కూర్చిన ఫతావా ఆలంగీరీలో ఉంది. పిల్లి కరిచినా రక్కినా గాయాన్ని సబ్బునీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. జాగ్రత్త కూడా కారుణ్యంలో భాగమే.

హజ్రత్ అబూ హురైరా (రజి) సంపన్నులయ్యాక పిల్లిని చేరదీయలేదు. తండ్రి లేని, ఆస్తి లేని గొర్రెల కాపరిగా ఉన్నప్పుడే చేరదీశారు. కరవులో ఉన్నాం, మాకే లేదు అనుకునే మనకు ఆయన జీవితంలో ఉన్న పాఠం ఇదే. నోరులేని జీవాలపట్ల మన హృదయాలను మెత్తబరచమని, ఆ పుణ్యపురుషుని బాటలో మనల్నీ మన బిడ్డలనూ నడిపించమని అల్లాహ్‌ను వేడుకుంటున్నాము. ఆమీన్.