డేవిడ్ మీకిల్‌జాన్

గ్లాస్గో నగరము స్కాట్లండు దేశమున క్లైడ్ నదీతీరమందు వెలసినది. ఆ నదికి దక్షిణపు గట్టున గోవన్ అను పేట కలదు. ఓడల నిర్మాణమునకు అది ఒకప్పుడు లోకప్రసిద్ధము. రేంజర్స్ ఫుట్‌బాల్ క్లబ్బువారి క్రీడారంగమైన ఐబ్రాక్స్ ఆ పేటకు చేరువనే యున్నది. డేవిడ్ మీకిల్‌జాన్ 1900 డిసెంబరు 12వ తేదీన గోవన్‌లో జన్మించెను. మేరీహిల్ జూనియర్స్ అను చిన్న జట్టులో ఆడుచుండగా 1919లో రేంజర్స్ వా రతనిని చేర్చుకొనిరి. అది మొదలు 1936లో ఆట విరమించు వరకు అతడు మరియొక క్లబ్బు చొక్కా తొడిగి యెరుగడు. హస్తినాపురమును వీడని భీష్ముని నిష్ఠను భారతమున విందుము. జీతమునకు ఆడు ఆటగాండ్రయందు అట్టి నిష్ఠ మిక్కిలి అరుదు.

ఈ ఆటలో గోలు చేయువానికి దక్కు కీర్తి, గోలు కానీయక కాచువానికి దక్కదు. పంట పండినప్పుడు చేనును మెచ్చువారే గాని చెరువుకట్టను తలచువా రెందరు? మీకిల్‌జాన్ ఆ కట్టవంటివాడు. మొదట కుడివైపు హాఫ్‌బ్యాకుగను, పిమ్మట నడుమ నిలుచు సెంటర్ హాఫుగను ఆడెను. ఆ తావున నిలుచువాడు ఎదిరి దాడిని ఆపుటయే గాక, చిక్కిన బంతిని తనవారికి ఒడుపుగా అందింపను నేర్వవలెను. 1920లో మేనేజరు విలియం విల్టన్ పడవ ప్రమాదమున మరణింపగా బిల్ స్ట్రూత్ ఆ పదవికి వచ్చెను. క్రమశిక్షణకు స్ట్రూత్ పెట్టినది పేరు. ఆయన యేలుబడిలో రేంజర్స్ జట్టు లీగు పోటీలలో దాదాపు ఏటేట ప్రథమస్థానము గడించినది. మీకిల్‌జాన్ లెక్కకు 12 లీగు విజయములు, 5 స్కాటిష్ కప్పులు జమపడినవి. స్వదేశము పక్షమున 15 పర్యాయములు ఆడెను.

అయినను ఆ క్లబ్బునకు ఒక లోటు మిగిలియుండెను. 1903లో గెలిచిన స్కాటిష్ కప్పు మరల 25 ఏండ్ల వరకు చేతికి రాలేదు. 1921లో పార్టిక్ థిసిల్ జట్టు చేతను, 1922లో మోర్టన్ జట్టు చేతను తుదిపోటీలో భంగపడిరి. లీగులో సింహములు, కప్పులో పిల్లులు అని ఎదిరిపక్షము నవ్వుకొనుటకు అవకాశము చిక్కినది. 1928 ఏప్రిల్ 14న హాంప్‌డెన్ మైదానమున 1,18,115 మంది చూచుచుండగా తుదిపోటీ జరిగెను. ప్రత్యర్థులు చిరకాల వైరులైన సెల్టిక్ వారు. క్లబ్బు నాయకుడు టామీ మ్యూర్‌హెడ్ గాయపడి రాకపోవుటచే ఆనాటి నాయకత్వము మీకిల్‌జాన్‌పై పడినది.

మొదటి సగము గోలు లేకయే ముగిసెను. రెండవ సగమున గోలులోనికి పోవుచున్న బంతిని సెల్టిక్ నాయకుడు విల్లీ మెక్‌స్టే చేతితో ఆపెను. రేంజర్సునకు పెనాల్టీ లభించినది. పెనాల్టీ అనగా గోలునకు పండ్రెండు గజముల దూరమున బంతి నుంచి, గోల్‌కీపరును మాత్రమే ఎదురుగా నిలిపి, ఒక్కడు తన్నవలెను. ఆ పనికి ఇతరులను పంపినను నాయకుని తప్పుపట్టువా రుండరు. మీకిల్‌జాన్ తానే ముందునకు వచ్చెను. తప్పినచో కప్పు పోవుననియు, 25 ఏండ్ల అపకీర్తి తన తలకు చుట్టుకొనుననియు ఆ క్షణమున తనకు తోచినట్లు పిదప అతడే చెప్పుకొనెను. గోలులో నిలిచినవాడు జాన్ థాంసన్ అను పందొమ్మిదేండ్ల యువకుడు. బంతి వలలో పడినది. అంతతో సంకెల తెగినట్లయి రేంజర్స్ వారు మరి మూడు గోలులు చేసి 4-0తో గెలిచిరి. ఆ ఏడు లీగును కూడ వారిదే.

ఆ థాంసన్‌తోడి సంబంధ మంతటితో తీరలేదు. 1931 మార్చిలో ఇంగ్లండుపై స్కాట్లండు 2-0తో గెలిచినప్పుడు అతడు గోలు కాయగా, మీకిల్‌జాన్ అతని ముందు సెంటర్ హాఫుగా నిలిచెను. అదే ఏడు సెప్టెంబరు 5న ఐబ్రాక్సులో ఇరుక్లబ్బులు మరల తలపడినవి. ఆ వైరము వట్టి ఆటపాటల వైరము కాదు. రేంజర్స్ వెనుక ప్రొటెస్టంటులు, సెల్టిక్ వెనుక ఐర్లండునుండి వలస వచ్చిన కాథలిక్కుల సంతతి. మతము, జాతి, కూలిపని అన్నియు అందు కలిసినవి. రెండవ సగమున రేంజర్స్ ఆటగాడు సామ్ ఇంగ్లీష్ బంతితో దూసికొని రాగా థాంసన్ అతని పాదములపై దూకెను. ఇంగ్లీష్ మోకాలు థాంసన్ తలకు తగిలి కపాలము పగిలినది. సంగతి తెలియని రేంజర్స్ అభిమానులు కొందరు గోలు వెనుకనుండి కేరింతలు కొట్టిరి. అంతట మీకిల్‌జాన్ వారివైపు పోయి చేయి పైకెత్తి వారించెను. ఆ చేతిని చూచి కేరింతలు అణగినవి.

ఆ రాత్రియే ఆసుపత్రిలో థాంసన్ మరణించెను; వయస్సు 22 ఏండ్లు. విచారణలో ఇంగ్లీష్ నిర్దోషియని తేలినను, పాప మా దుఃఖము అతనిని వీడలేదు. గ్లాస్గోలోని ట్రినిటీ చర్చిలో జరిగిన సంస్మరణ ప్రార్థనలో బైబిలు పాఠము చదివినవాడు మీకిల్‌జాన్. ఎదిరిజట్టు నాయకుడు అచ్చట నిలిచి చదువుట ఆనాటి గ్లాస్గోలో స్వల్పవిషయము కాదు. అతని పండ్రెండు లీగు విజయములను ఈ యొక్క దినముతో తూచినచో ఏది బరువో చదువరులే చెప్పగలరు.

ఆట విరమించిన పిదప కొన్నాళ్లు పత్రికలో క్రీడావార్తలు వ్రాసి, 1947లో పార్టిక్ థిసిల్ జట్టునకు మేనేజరయ్యెను. ఆ క్లబ్బు మైదానమైన ఫర్‌హిల్ అతడు బాల్యాంతమున ఆడిన మేరీహిల్ పేటలోనిదే. ధనబలమున రేంజర్సుతో సరితూగని క్లబ్బది. అయినను 1948లోను, 1954లోను లీగున మూడవస్థానము పొందినది. లీగు కప్పు తుదిపోటీకి మూడుమారులు వచ్చినది: 1953లో ఈస్ట్ ఫైఫ్ చేతిలో 2-3, 1956లో మొదటి ఆట సమమై మరల ఆడినప్పుడు సెల్టిక్ చేతిలో 0-3, 1958లో హార్ట్స్ చేతిలో 1-5. గెలుపే తెలిసిన వానికి మూడు ఓటములు! దీనిని బట్టి శిక్షకుడుగా అతడు విఫలుడనుట న్యాయము కాదు. చేతనున్న సొమ్మును చూచి గదా సేద్యమును విమర్శింపవలెను. పండ్రెండేండ్లు ఆ పదవిని వీడక నిలిచెను.

1959 ఆగస్టు 22న ఎయిర్డ్రీ పట్టణమున తన జట్టు ఆట చూచుచునే మీకిల్‌జాన్ కుప్పకూలి మరణించెను. అప్పటి కతనికి 58 ఏండ్లు. అతని కాలమున, 1953లో, డేవీ మెక్‌పార్లండ్ అను యువకుడు పార్టిక్ థిసిల్‌లో చేరియుండెను. ఆ మెక్‌పార్లండ్ పిదప మేనేజరై, 1971 అక్టోబరులో సెల్టిక్ జట్టును 4-1తో ఓడించి, ఆ లీగు కప్పును ఫర్‌హిల్‌కు తెచ్చెను.