పాత సరుకుతో కొత్త ఆట

గేమ్ డెవలప్‌మెంట్‌లోకి వెళ్లాలనుకునే విద్యార్థుల ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఏ ఇంజిన్ నేర్చుకోవాలి? గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌తో పని జరుగుతుందా? మార్కులు తక్కువ, క్యాంపస్‌లో ఎంపిక కాలేదు, ఇక మనకు ఛాన్స్ ఉందా? వీటికి జవాబు వెతికేముందు ఒక మనిషి కథ తెలుసుకోండి. ఆయన చనిపోయి పాతికేళ్లు దాటింది. జేబులో పట్టే గేమ్‌ను కోట్లమందికి అలవాటు చేసిన ఆయన పేరు గున్‌పే యొకోయ్.

1941 సెప్టెంబరు 10న జపాన్‌లోని క్యోటోలో పుట్టారు. అదే ఊళ్లోని దోషిషా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ చదివారు. మార్కులు అంతంతమాత్రమే. పేరున్న ఎలక్ట్రానిక్స్ కంపెనీలకు ప్రయత్నించారు, పని కాలేదు. చివరికి 1965లో ఉన్న ఊళ్లోనే ఒక పేకముక్కల కంపెనీలో చేరారు. ఆ కంపెనీ పేరు నింటెండో. అప్పటికి దానికీ వీడియో గేమ్‌లకూ ఏ సంబంధమూ లేదు. హనాఫుదా అనే పూల బొమ్మల ముక్కలూ, మామూలు పేకముక్కలూ తయారు చేసేది. ఆ ముక్కలు చేసే యంత్రాలు ఆగిపోకుండా చూసుకోవడం యొకోయ్ డ్యూటీ. మన మాటల్లో చెప్పాలంటే మెయింటెనెన్స్ ఉద్యోగం.

యంత్రాలు సరిగ్గా నడుస్తుంటే మెయింటెనెన్స్ వాళ్లకు పెద్దగా పని ఉండదు. ఆ ఖాళీలో యొకోయ్ సరదాగా ఒక వస్తువు చేసుకున్నారు. కత్తెరలా అడ్డదిడ్డంగా బిగించిన పట్టీలు, ఒక చివర పిడులు, రెండో చివర పట్టుకునే గోళ్లు. పిడులు దగ్గరికి నొక్కితే అది బారెడు ముందుకు సాగి దూరంగా ఉన్న వస్తువును పట్టుకుంటుంది. ఓరోజు కంపెనీ అధ్యక్షుడు హిరోషి యమౌచి దాన్ని చూశారు, తర్వాత ఆఫీసుకు పిలిపించారు. పని మానేసి ఆడుకుంటున్నందుకు చీవాట్లు తప్పవని యొకోయ్ అనుకున్నారు. దాన్ని అమ్మకానికి పనికొచ్చే బొమ్మగా మార్చమన్నారు యమౌచి. అయితే ఒక షరతు, మనది ఆటల కంపెనీ కాబట్టి అది ఆటగా ఉండాలి. యొకోయ్ దానికి కొన్ని బంతులు జత చేశారు, దూరం నుంచి పట్టి ఎత్తడానికి. 1966లో అల్ట్రా హ్యాండ్ పేరుతో మార్కెట్‌లోకి వెళ్లిన ఆ బొమ్మ పది లక్షలకు పైగా అమ్ముడైంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. సాగే చెయ్యి కేవలం ఒక వస్తువు. బంతులు చేరాక ఒక లక్ష్యం వచ్చింది, తప్పే అవకాశం వచ్చింది, మళ్లీ ప్రయత్నించాలన్న పట్టుదల వచ్చింది. అప్పుడే అది ఆట అయింది. చాలామంది ఫ్రెషర్ల ప్రాజెక్టుల్లో లోపించేది సరిగ్గా ఇదే. పాత్ర నడుస్తుంది, గెంతుతుంది, చెట్లు ఊగుతాయి, నీళ్లలో నీడ కూడా కనిపిస్తుంది. కానీ ఆడేవాడు ఏం చేయాలో, ఎందుకు చేయాలో ఉండదు.

ఆ తర్వాత యొకోయ్ కొత్త వస్తువుల తయారీ విభాగానికి మారారు. 1969లో వచ్చిన లవ్ టెస్టర్ చూడండి. ఇద్దరు చేతులు పట్టుకుని, మిగిలిన చేతులతో చెరో గుండు పట్టుకోవాలి. ఒంట్లోంచి పారే చిన్న కరెంటును బట్టి ముల్లు కదులుతుంది, ప్రేమ ఎంతుందో చెబుతుంది. లోపలున్నది ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో మీరు చూసిన గాల్వనోమీటర్ లాంటిదే. అబ్బాయిలు, అమ్మాయిలు చేతులు పట్టుకోవడానికి ఒక సాకు దొరకడమే అసలు ఆకర్షణ అని ఆయనకు తెలుసు. కొంచెం కొంటెతనమే, కానీ మనుషుల్ని గమనించి పుట్టిన ఆలోచన.

దానికన్నా నాకు నచ్చేది 1972 నాటి లెఫ్టీ ఆర్‌ఎక్స్. అప్పట్లో రిమోట్ కారు బొమ్మ సామాన్యుడు కొనే ధరలో లేదు. ఎడమకు, కుడికి, ముందుకు, వెనక్కి అంటూ ప్రతి కదలికకూ వేరే సర్క్యూట్ కావాలి, ఖర్చు పెరుగుతుంది. యొకోయ్ ఒక్కటి తప్ప మిగతావన్నీ తీసేశారు. కారు నేరుగా పోతుంది, మీట నొక్కితే ఎడమకు మాత్రమే తిరుగుతుంది. వినడానికి నవ్వొస్తుంది. కానీ గుండ్రటి ట్రాక్ మీద పందేనికి ఎడమ మలుపు ఒక్కటి చాలు కదా! ధర తగ్గింది, పందెం మిగిలింది. మొదటి ప్రాజెక్టుకే పది ఆయుధాలు, ఇరవై లెవెళ్లు, ఆన్‌లైన్ మల్టీప్లేయర్ అని రాసుకునే వాళ్లు ఈ కారును ఒకసారి తలచుకోవాలి. అది నేల విడిచి సాము. ఒక్క మీటతో ఆడే ఆట ఒకటి పూర్తి చేసి చూడండి. పూర్తి చేయడం అంటే మొదటి తెర, ఆట, ఓటమి, మళ్లీ మొదలుపెట్టే బటన్, శబ్దాలు, అన్నీ. సగంలో ఆగిన పది ప్రాజెక్టులకన్నా ఇంటర్వ్యూలో అదే ఎక్కువ మాట్లాడుతుంది.

1970ల చివర్లో యొకోయ్ షింకన్‌సెన్ రైల్లో వెళ్తున్నారు. ఎవరో ఉద్యోగి పొద్దుపోక కాలిక్యులేటర్ మీటలు నొక్కుతూ కూర్చున్నాడు. పెద్దవాళ్లు కూడా ఎవరి కంటా పడకుండా ఆడుకునేంత చిన్న గేమ్ చేస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన ఆయనకు అక్కడే తట్టింది. అది పై దాకా వెళ్లిన తీరు ఇంకా తమాషా. అధ్యక్షుడి కారు డ్రైవర్ ఒంట్లో బాగాలేక రాలేదు, యొకోయ్ స్టీరింగ్ పట్టారు. దారిలో మాటల్లో మాటగా ఈ సంగతి చెప్పారు. ఆ సమావేశంలో యమౌచి మాట్లాడింది షార్ప్ కంపెనీ అధ్యక్షుడితో! షార్ప్, క్యాసియో కాలిక్యులేటర్ల ధరల పోటీలో అప్పటికే ఎల్‌సీడీ తెరలు, చిప్‌లు బాగా చవకయ్యాయి. అలా 1980లో గేమ్ అండ్ వాచ్ వచ్చింది. మొదటి ఆట పేరు బాల్. బంతులు కిందపడకుండా ఎగరేయాలి. రెండే మీటలు. ఆ వరుసలో వచ్చిన ఆటలన్నీ కలిపి నాలుగు కోట్లకు పైగా అమ్ముడయ్యాయి.

యొకోయ్ పద్ధతికి జపాన్‌లో ఒక పేరే ఉంది. పాతబడి, చవకై, లోటుపాట్లన్నీ తెలిసిపోయిన టెక్నాలజీని తీసుకుని ఎవరూ అనుకోని చోట వాడటం. మెరిసే కొత్త సరుకు కోసం పరుగెత్తకపోవడం. మీకు కూడా ఇది నేరుగా పనికొస్తుంది. మామూలు ల్యాప్‌టాప్‌లో గోడాట్ లాంటి ఉచిత ఇంజిన్‌తో టూడీ గేమ్ హాయిగా చేయొచ్చు. యూనిటీ నేర్చుకున్నా మంచిదే. ప్రతి మూడు నెలలకో ఇంజిన్ మార్చడం మాత్రం వద్దు.

1981లో ఇంకో మలుపు. అమెరికాలో రాడార్ స్కోప్ అనే ఆర్కేడ్ గేమ్ యంత్రాలు అమ్ముడుపోక గోదాములో మిగిలిపోయాయి. వాటిలో పెట్టడానికి కొత్త ఆట చేసే పని షిగెరు మియామోటో అనే యువ కళాకారుడికి అప్పగించారు. ఆయన ప్రోగ్రామర్ కాదు. పర్యవేక్షణ యొకోయ్‌ది. ఆ ఆటే డాంకీ కాంగ్. తర్వాత 1983లో మారియో బ్రదర్స్ కలిసి చేశారు. ఎత్తు నుంచి పడితే మారియోకు దెబ్బ తగలాలని మియామోటో వాదన, నిజ జీవితంలో అంతే కదా అని. పడినా ఏం కాకపోతే ఆట బాగుంటుందని యొకోయ్ అభిప్రాయం. అదే నిలిచింది. కోడింగ్ రాకపోయినా ఈ రంగంలో చోటుందా అని అడిగే ఆర్ట్, డిజైన్ విద్యార్థులకు మియామోటో ప్రయాణమే ఒక జవాబు.

డాంకీ కాంగ్‌ను 1982లో జేబు సైజుకు కుదించినప్పుడు చిక్కొచ్చింది. మడిచే చిన్న పెట్టెలో జాయ్‌స్టిక్ పెడితే మూత పడదు. యొకోయ్ దాని బదులు ప్లస్ గుర్తు ఆకారంలో ఒక పల్చటి మీట పెట్టారు. చూడకుండా బొటనవేలితోనే నాలుగు దిక్కులూ తెలిసిపోతాయి. నేటి కంట్రోలర్ల మీద ఎడమవైపు కనిపించే దిక్కుల మీట దాని వారసత్వమే.

1989లో గేమ్ బాయ్. నాలుగు రకాల బూడిదాకుపచ్చ ఛాయలు మాత్రమే ఉన్న తెర, నాలుగు చిన్న బ్యాటరీలు. అదే ఏడాది వచ్చిన అటారీ లింక్స్‌కు, మరుసటి ఏడాది వచ్చిన సెగా గేమ్ గేర్‌కు రంగుల తెరలున్నాయి. కాగితం మీద చూస్తే గేమ్ బాయ్ ఓడిపోవాలి. కానీ ఆ రంగుల మెషిన్లు ఆరు బ్యాటరీలు తిని కొద్ది గంటల్లోనే ఆగిపోయేవి. గేమ్ బాయ్ పది గంటలు దాటి నడిచేది, ధర తక్కువ, కిందపడినా పగిలేది కాదు, టెట్రిస్ తోడుంది. తర్వాతి కలర్ మోడల్‌తో కలిపి 11 కోట్ల 80 లక్షలకు పైగా అమ్ముడైంది. ఇది ఒక్కడి పని కాదన్నది కూడా చెప్పాలి. ఆయన విభాగంలోని ఇంజినీర్ సతోరు ఒకాడా, దీన్ని చవక బొమ్మలా కాకుండా ఎన్నాళ్లయినా కొత్త ఆటలు వచ్చే మెషిన్‌గా చేయాలని గట్టిగా పట్టుబట్టారు. మీ రెజ్యూమెలో టీమ్ ప్రాజెక్టు గురించి రాసేటప్పుడు మీరు చేసిందేదో, పక్కవాళ్లు చేసిందేదో విడివిడిగా రాయండి. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే అది బయటపడుతుంది.

తర్వాతిది ఓటమి. 1995లో వచ్చిన వర్చువల్ బాయ్‌లో కళ్లు పెట్టి చూస్తే త్రీడీ బొమ్మ కనిపించేది, ఎర్ర రంగులో మాత్రమే. టేబుల్ మీద పెట్టుకుని వంగి ఆడాలి. కాసేపటికే కళ్లు లాగేవి. ఎనిమిది లక్షలు కూడా అమ్ముడుకాలేదు. ఏడాది తిరక్కుండానే ఆపేశారు. దీనివల్లే ఆయన కంపెనీ వదిలారని చాలామంది రాస్తారు, యొకోయ్ మాత్రం ఆ మాట ఒప్పుకోలేదు. 1996 ఆగస్టులో, ముప్పై ఏళ్లకు పైగా పనిచేసిన నింటెండో నుంచి బయటికొచ్చి కోటో అనే చిన్న సంస్థ పెట్టారు. దాదాపు 55 ఏళ్ల వయసులో మళ్లీ మొదటి నుంచి.

బందాయ్ కంపెనీ కోసం కొత్త చేతి గేమ్ మెషిన్ పని మొదలైంది. 1997 అక్టోబరు 4న ఇషికావా ప్రాంతంలోని హైవే మీద కారు ప్రమాదం జరిగింది. కిందికి దిగి చూస్తుండగా మరో వాహనం ఢీకొట్టి యొకోయ్ చనిపోయారు. వయసు 56.

ఆ మెషిన్ 1999 మార్చిలో వండర్‌స్వాన్ పేరుతో జపాన్‌లో విడుదలైంది. నలుపు తెలుపు తెర, ఒక్కటంటే ఒక్క బ్యాటరీ. దాని కోసం చేసిన పజిల్ గేమ్‌కు ఆయన పేరే పెట్టారు, గున్‌పే అని.