ఎవరెస్ట్ 1830

ఎవరెస్ట్ అనగానే అందరికీ మంచుకొండే గుర్తొస్తుంది. నాకు మాత్రం జీఐఎస్ మినీ ప్రాజెక్ట్‌లో, కోఆర్డినేట్ సిస్టమ్‌ల వివరాల్లో ఆ పేరు కనిపించింది: ఎవరెస్ట్ 1830. ఎవరీయన అని చదివితే, మన వైపు తిరిగిన మనిషే అని తెలిసింది.

జార్జ్ ఎవరెస్ట్ 1790లో పుట్టాడు. 1806లో, ఇంకా కుర్రాడిగా ఉన్నప్పుడే, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి ఇండియా వచ్చాడు. 1818లో విలియం లాంబ్టన్‌కి అసిస్టెంట్ అయ్యాడు. అప్పటికే లాంబ్టన్ దక్షిణం నుంచి 78 డిగ్రీల రేఖాంశం వెంబడి త్రిభుజాలు కట్టుకుంటూ నిజాం రాజ్యం మీదుగా పైకి పోతున్నాడు. పద్ధతి ఇదీ: నేల మీద ఒక గీతను జాగ్రత్తగా కొలవాలి. తర్వాత గుట్ట మీద నుంచి గుట్టకి థియోడలైట్‌తో కోణాలు తీస్తూ పోతే మిగతా దూరాలు లెక్కలో వచ్చేస్తాయి. 1819లో ఎవరెస్ట్‌ని కృష్ణా, గోదావరి నదుల మధ్య సర్వేకి పంపారు. వానాకాలం అడవుల్లో ఆయనా, ఆయన మనుషులూ జ్వరాలతో మంచాన పడ్డారు. కోలుకోడానికి ఆయన దక్షిణాఫ్రికా పోవాల్సి వచ్చింది.

1823లో లాంబ్టన్ చనిపోయాక బాధ్యత ఈయన మీద పడింది. మళ్ళీ జబ్బు చేసి 1825లో ఇంగ్లండ్ వెళ్ళాడు. అక్కడ కొలతలన్నీ లెక్కగట్టి, భూమి ఆకారానికి అంకెలు తేల్చి 1830లో పుస్తకం వేశాడు. అదే ఏడాది సర్వేయర్ జనరల్‌గా తిరిగొచ్చాడు. మనిషి కోపిష్ఠి. అనుమానం వస్తే పాత కొలతలు కూడా మళ్ళీ తీయించేవాడు. 1841కల్లా కన్యాకుమారి నుంచి హిమాలయాల అంచు దాకా సుమారు 2400 కిలోమీటర్ల పని పూర్తయింది. 1843లో రిటైరై, 1866లో చనిపోయాడు. శిఖరానికి తన పేరు పెట్టడం ఆయనకే ఇష్టం లేదు.

ఇక మన సంగతి. క్యూజీఐఎస్‌లో పైథాన్ లూప్ రాసి ప్రాజెక్ట్ ఫైల్‌లోని లేయర్లన్నిటికీ ఒకేసారి సెట్‌సీఆర్‌ఎస్ కొట్టడం రెండు మూడు లైన్ల పని. కానీ ఆ కమాండ్ అంకెల్ని మార్చదు, లేబుల్ అతికిస్తుందంతే. ఎవరెస్ట్ లెక్క మీద గీసిన పాత టోపోషీట్‌కి జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 లేబుల్ అతికిస్తే, ఊరి చెరువు వంద మీటర్లకు పైగా పక్కకు పోతుంది. ఎర్రర్ రాదు. మ్యాప్ చూడటానికి బాగానే ఉంటుంది. కాలువ ఎవరి పొలంలోంచి పోతుందో ఆ మ్యాప్ చూసే తేలుస్తారనుకోండి, వంద మీటర్లంటే ఒక రైతు భూమి.

ఇంకో చిక్కుంది. యూటీఎం 43, 44 జోన్ల హద్దు కూడా ఆ 78 డిగ్రీలే. పాలమూరు పట్టణం దాదాపు ఆ గీత మీదే ఉంది. మక్తల్, నారాయణపేట 43లోకి వస్తాయి, అంటే ఈపీఎస్‌జీ 32643. నాగర్‌కర్నూల్, నల్లగొండ 44లోకి, అంటే 32644. నల్లగొండ లేయర్‌కి 43 లేబుల్ అతికిస్తే అది ఆరు డిగ్రీలు పడమరకు జరిగి రత్నగిరి సముద్రతీరంలో తేలుతుంది.

కాబట్టి ముందు మెటాడేటా చదవండి. డేటా ఏ సిస్టమ్‌లో కొలిచారో అదే సెట్ చేయండి. వేరే సిస్టమ్ కావాలంటే ఆ తర్వాత రీప్రాజెక్ట్ చేయండి. వివరం తెలియని లేయర్‌ని స్క్రిప్ట్ ముట్టుకోకుండా పక్కన పెట్టి, దాని పేరు ప్రింట్ చేయాలి. అనుమానం ఉన్న కొలతని ఎవరెస్ట్ కూడా మళ్ళీ తీయించేవాడు.