డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

ఊరు విడిచి పొరుగూళ్లలో కాపురాలు పెట్టుకున్న మనకు, దేశమే విడిచి తిరిగిరాని ఒక తెలుగు వైద్యుని కథ ఈ ఉగాది సంచికలో చెప్పదలచాము.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. రెండుమార్లు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ హైస్కూలునుంచి మెట్రిక్యులేషను ప్యాసయ్యారు. పిమ్మట ప్రెసిడెన్సీ కాలేజీ, మద్రాసు మెడికల్ కాలేజీ. ఆయన ఖద్దరు ధరించడం శస్త్రచికిత్స ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డుగారికి కంటగింపయింది. చివరకు ఎం.బి.బి.యస్. దక్కక, అంతకు తక్కువదైన ఎల్.ఎం.యస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

అంతకుమించిన దెబ్బ ఇంట్లో తగిలింది. స్ప్రూ అనే గ్రహణి వ్యాధి సోదరుణ్ణి పొట్టన పెట్టుకున్నది. తరువాత ఆయననూ పట్టుకున్నది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద మందులతో ఆయన కోలుకున్నారని చరిత్రకారులు వ్రాశారు. ఆ లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రం బోధిస్తూ, మూలికల గుణాలను నవీన పద్ధతులలో తేల్చాలన్న పట్టుదలతో పరిశోధన ఆరంభించారు.

ఇంతకూ మూలికను పరీక్షించడమంటే ఏమిటి? ఆకును ఎండబెట్టి, పొడిచేసి, నీటిలోనో సారాయంలోనో నానవేసి సారం తీస్తారు. సూక్ష్మజీవులు పరచిన పళ్లెంలో ఆ సారం ఉంచి, శరీరపు వేడిలో ఒక రాత్రి వదిలితే, సారానికి శక్తి ఉన్నచోట చుట్టూ జీవులు పెరగని వలయం ఏర్పడుతుంది. ఉత్త సారాయమే పని చేసిందేమోనని దానినీ పక్కన పెట్టి చూస్తారు. కాని పని అంతటితో సగమే. క్రిమిని చంపినది మనిషి కణాన్నీ చంపవచ్చు. అందుచేత గాజుపాత్రలో పెంచిన కణాలపై అదే సారం వేసి, ఎన్ని బ్రతికినవో లెక్కిస్తారు. 1983లో వచ్చిన ఒక పద్ధతిలో బ్రతికిన కణాలు పసుపుపచ్చని రంగును ఊదాగా మార్చి తమ ఉనికి తెలుపుతాయి. చెట్టుమందుకు హాని లేదనే పెద్దలు మనలో ఇప్పటికీ ఉన్నారు. గన్నేరుపప్పు కూడా చెట్టుదేనని వారికి మనవి.

1920ల తొలినాళ్లలో సుబ్బారావుగారు బోస్టను చేరి, ఆసుపత్రిలో రాత్రి కూలిపని చేస్తూ హార్వర్డులో చదివారు. ఫిస్కేగారితో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతి 1925లో ప్రకటించారు. 1940లో లెడర్లీ కంపెనీ చేరారు.

అక్కడ చేసిన పనిలో మద్రాసునాటి ఆశయం మరో రూపంలో కనిపిస్తుంది. 1941లో టెక్సస్ శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుంచి ఒక పదార్థం తీసి, ఆకు అనే లాటిను మాటతో ఫోలికామ్లమని పేరు పెట్టారు. ఇక్కడ సూక్ష్మజీవి చావడం కాదు, పెరగడమే తూనిక: సారంలో ఆ పదార్థం ఎంత ఉంటే జీవి అంత పెరుగుతుంది. సుబ్బారావుగారి బృందం 1945లో దానిని కృత్రిమంగా తయారుచేసింది. అది స్ప్రూ రోగులకు పనికివచ్చింది. సోదరుణ్ణి తీసుకుపోయిన వ్యాధికి ఆయన బల్లమీదనుంచే మందు వెళ్లిందన్నమాట!

ఫోలికామ్లాన్ని కొద్దిగా మార్చితే కణాల ఎదుగుదలను అరికట్టే అమినోప్టెరిన్ వచ్చింది. విషమే, నోరు పుండ్లుపడేది. అయినా ఫార్బరుగారు 1948లో వెల్లడించిన ఫలితాలలో రక్త క్యాన్సరు పిల్లలు 16 మందిలో 10 మందికి తాత్కాలికంగా గుణం కనిపించింది. అదే సంవత్సరం, ఆయన పర్యవేక్షణలోని ప్రయోగశాలలో డుగ్గరుగారు మట్టిలోని జీవినుంచి కనుగొన్న ఆరియోమైసిన్ లోకానికి వెల్లడయింది.

ఆ ఆగస్టులోనే, 53వ యేట, ఆయన నిద్రలో కన్నుమూశారు. భార్య శేషగిరిగారిని మళ్లీ చూడనేలేదు. నేడు మన ఇళ్లలో గర్భిణులకు ఇచ్చే మాత్రలో ఆ ఫోలికామ్లం ఉంటుంది.