నిండు నూట ఇరవై

1906 జూన్ నెలలో ఇటలీలోని మిలాన్ నగరంలో కొందరు వైద్యులు కూడి ఒక సంఘం పెట్టుకున్నారు. పనివల్ల వచ్చే జబ్బుల సంగతి చూడడానికి దేశాల హద్దులు దాటిన సంఘం ఒకటి ఉండాలన్నది వాళ్ల తలంపు. మన పంచాంగం లెక్కన అది పరాభవ నామ సంవత్సరం. అరవై ఏళ్ల చక్రం రెండు చుట్లు తిరిగి, మొన్న ఉగాదికి మళ్లీ పరాభవే వచ్చింది. మనిషికి పూర్ణాయుష్షు నూట ఇరవై అంటారు జ్యోతిషులు. ఆ మిలాన్ సంఘమే నేటి అంతర్జాతీయ వృత్తి ఆరోగ్య కమిషన్, అంటే ఐసీఓహెచ్. అది ఆ నిండు వయసుకు చేరింది. ఈ పండుగ పూట ఆ సంస్థకూ, దానితో కలిసి నడిచిన వాళ్లకూ మనసారా అభినందనలు.

ఆ ఏడాది మిలాన్‌లో పెద్ద అంతర్జాతీయ ప్రదర్శన జరిగింది. ఆల్ప్స్ కొండల కింద స్విట్జర్లాండునూ ఇటలీనీ కలిపిన సింప్లన్ రైలు సొరంగం పూర్తయిన సంబరం అది. దాదాపు 20 కిలోమీటర్ల సొరంగం. రాజులూ అధ్యక్షులూ వచ్చారు, బ్యాండు మోగింది. అదే వేడుకల నడుమ, ఆ కొండను తొలిచిన కూలీల ఒళ్లు ఏమైందని అడగడానికి వైద్యులు తమ మహాసభ పెట్టుకున్నారు.

ఆ ప్రశ్న వెనక ఒక చేదు అనుభవం ఉంది. సింప్లన్‌కు ముందు, 1872 నుంచి 1882 వరకు, గొట్టార్డు సొరంగం తవ్వారు. రాళ్లు పడి, మందుగుండు పేలి పోయినవాళ్లు పోగా, మిగిలిన వాళ్లలో ఎందరో పాలిపోయి, ఆయాసపడుతూ, నాలుగడుగులు వేయలేని స్థితికి వచ్చారు. కాంట్రాక్టు తీసుకున్న లూయీ ఫావ్‌ర్ కూడా 1879లో ఆ సొరంగంలోనే కుప్పకూలి ప్రాణం విడిచాడు. కూలీల రక్తహీనతకు మూలం కొంకిపురుగు అని టూరిన్‌లో పెర్రొన్చితో అనే శాస్త్రవేత్త 1880లో తేల్చాడు. లోపల ఉక్క, తడి. మరుగుదొడ్డి లేదు. ఎక్కడ పని చేస్తే అక్కడే కాలకృత్యం, ఆ బురదలోనే మళ్లీ పని. పురుగుకు అంతకన్నా ఏం కావాలి?

సింప్లన్ కట్టినవాళ్లు ఆ పాఠం చదివారు. లోపల రాయి వేడి 50 డిగ్రీలు దాటితే చల్లటి నీళ్లు చిమ్మారు. షిఫ్టు దిగిన కూలీకి వేడినీళ్ల స్నానం, తడిబట్టలు ఆరేసుకోవడానికి హాలు ఏర్పాటు చేశారు. నీటి ఒత్తిడితో తిరిగే బ్రాంట్ డ్రిల్లు వాడడంతో రాతిదుమ్ము కూడా అణిగింది. ఒక సొరంగంలో మనుషుల్ని తినేసిన జబ్బు పక్క సొరంగంలో తల ఎత్తలేదు. మిలాన్‌లో కూడిన వైద్యులకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేకపోయింది: పనిజబ్బు రాసిపెట్టి ఉన్నది కాదు, ఆపితే ఆగుతుంది.

అయితే ఒక్క దేశం ఆపితే చాలదన్న సంగతి అదే ఏడాది సెప్టెంబరులో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో తేలింది. ఈ కథ అగ్గిపుల్లది. ఎక్కడ గీసినా వెలిగే ఆనాటి పుల్లల తలకు తెల్ల భాస్వరం పూసేవారు. ముద్దలో పుల్లలు ముంచే ఆడపిల్లలు రోజంతా దాని ఆవిరి పీల్చేవారు. మొదట పన్ను నొప్పి. పన్ను పీకిస్తే పుండు మానదు. చిగురు చీము పట్టి, దవడ ఎముక కుళ్లి ముక్కలుగా ఊడివచ్చేది. ఆ కంపుకు ఇంట్లోవాళ్లే పక్కన కూర్చోలేకపోయేవారు. చివరికి ఎందరికో దవడే తీసేయాల్సి వచ్చేది, కొందరికి ప్రాణమే పోయేది.

ఫిన్లాండ్ 1872లోనే తెల్ల భాస్వరాన్ని నిషేధించింది, డెన్మార్క్ 1874లో. తక్కిన దేశాల యజమానులది ఒకటే పాట: మేం మానేస్తే పక్క దేశం వాడు చవకగా అమ్ముకుంటాడు, మా ఫ్యాక్టరీ మూతపడుతుంది. 1898 నాటికి ఫ్రాన్సులో విషం లేని భాస్వర మిశ్రమం తయారైనా ఆ పాట ఆగలేదు. అందుకే 1906 సెప్టెంబరు 26న ఏడు దేశాలు బెర్న్‌లో ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. తెల్ల భాస్వరం అగ్గిపెట్టెల తయారీ, దిగుమతి, అమ్మకం అన్నీ బంద్. అందరూ ఒకేసారి మానేస్తే ఎవరికీ నష్టం లేదు. మన దేశంలో కూడా 1913లో ఇదే నిషేధ చట్టం వచ్చింది. ఇవాళ మన దేవుడి గూట్లో దీపం వెలిగించే అగ్గిపుల్ల ఎవరి దవడనూ తినడం లేదంటే, దాని వెనక ఆ సంతకాల చలవ ఉంది.

ఈ ఒప్పందం ఐసీఓహెచ్ చేసినది కాదు. కార్మిక చట్టాల కోసం పనిచేసిన మరో అంతర్జాతీయ సంఘం కృషి అది. కానీ ఆ ఒప్పందం, ఐసీఓహెచ్ రెండూ ఒకే ఏడాది బిడ్డలు. ఒకటి చట్టం తెచ్చింది, ఒకటి వైద్య విద్యను మార్చింది. ఈ రెండు దారులూ 1919లో పుట్టిన అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఐఎల్ఓలో కలిశాయి. అక్కడి పారిశ్రామిక ఆరోగ్య విభాగాన్ని మొదట నడిపిన లుయిజీ కరోత్సి, మిలాన్ వైద్యుల కోవకు చెందినవాడే. 1921లో ఇళ్లలోపల సీసం కలిసిన తెల్ల రంగు వేయడం మీద ఒప్పందం, 1930లో జొహానెస్‌బర్గ్‌లో సిలికోసిస్ అనే రాతిదుమ్ము జబ్బు మీద మహాసభ, అదే ఏడాది మొదలైన వృత్తి ఆరోగ్య విజ్ఞాన సర్వస్వం, ఇవన్నీ ఆ కలయికకు పండిన పంట.

ఐసీఓహెచ్ మహాసభలు మనుషుల్ని ఎలా కదిలించాయో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1910లో బ్రస్సెల్స్‌లో జరిగిన రెండో మహాసభకు అమెరికా నుంచి ఆలిస్ హామిల్టన్ అనే డాక్టరమ్మ వెళ్లింది. మీ దేశంలో పారిశ్రామిక ఆరోగ్యం అనేదే లేదని ఓ బెల్జియం అధికారి అందరిముందూ తీసిపారేస్తే ఆమెకు తల కొట్టేసినట్టయింది. అక్కడే కలిసిన అమెరికా కార్మిక కమిషనర్ దేశమంతటా సీసం విషం సంగతి తేల్చమని ఆమెకే అప్పగించాడు. ఫ్యాక్టరీ ఫ్యాక్టరీ తిరిగి, కార్మికుల ఇళ్లకు వెళ్లి, ఆసుపత్రి రికార్డులు తిరగేసి ఆమె రాసిన నివేదికలు ఆ దేశంలో కొత్త శాస్త్రానికి పునాది వేశాయి. 1919లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం అధ్యాపకురాలిగా తీసుకున్న మొదటి మహిళ కూడా ఆమే.

అభినందన వ్యాసమైనా ఉన్నమాట చెప్పుకోవాలి. ఆస్బెస్టాస్ విషయంలో ఐసీఓహెచ్ చాలాకాలం తడబడింది. కంపెనీల సొమ్ము పుచ్చుకునే నిపుణులు కమిటీల్లో కూర్చున్నారన్న విమర్శ లోపలినుంచీ బయటినుంచీ వచ్చింది. 1992లో తెచ్చుకున్న నైతిక నియమావళి ఆ దిశగా ఒక అడుగు. వృత్తి వైద్యుడు జీతం ఎవరిచ్చినా నిజం చెప్పాలి, కార్మికుడి ఆరోగ్య వివరాలు యజమాని చేతికి పోకూడదు అన్నది దాని సారం. ఆస్బెస్టాస్‌ను ప్రపంచమంతటా నిషేధించాలని 2013లో సంస్థ ప్రకటించింది. ఆలస్యమైనా మాట సూటిగా వచ్చింది. మన ఊళ్లలో ఇప్పటికీ ఇళ్లమీద ఆస్బెస్టాస్ సిమెంటు రేకులు కప్పుతున్నాం, ముక్కుకు గుడ్డ కూడా లేకుండా వాటిని రంపంతో కోస్తున్నాం. ఆ మాట మన చెవిన ఇంకా పడాల్సే ఉంది.

మన దేశం ఈ కథకు దూరంగా లేదు. తెలుగువాళ్లు ఎందరో వలసపోయి పనిచేసిన కోలారు బంగారు గనుల్లో రాతిదుమ్ము జబ్బు బయటపడ్డాకే మైసూరు సంస్థానం 1940లో సిలికోసిస్ నియమాలు తెచ్చింది. కమిషన్‌కు మొదటి షష్టిపూర్తి అయిన 1966లో అహ్మదాబాదులో వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ మొదలైంది. అదే నేటి జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ. పలకలమీద అక్షరాలు దిద్దిన తరం మనది. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో పలక బలపాలు కోసేవాళ్ల ఊపిరితిత్తులు చిన్న వయసులోనే ఎలా రాయైపోయాయో లోకానికి చెప్పింది ఈ సంస్థ పరిశోధకులే.

2022 జూన్‌లో ఐఎల్ఓ ఒక పెద్ద మాట ఒప్పుకుంది: ప్రమాదం లేని, ఆరోగ్యకరమైన పనిచోటు కార్మికుడి ప్రాథమిక హక్కు. వెట్టిచాకిరీ, బాలకార్మికత ఉండకూడదన్న సూత్రాల సరసన దాన్ని కూర్చోబెట్టింది. 2025 జూన్‌లో పనిచోట క్రిములు, వైరస్‌ల ముప్పు మీద కూడా కొత్త ఒప్పందం ఆమోదం పొందింది. అయినా ఏటా దాదాపు 30 లక్షల మంది పనివల్లే చనిపోతున్నారని ఐఎల్ఓ అంచనా. వాళ్లలో ప్రమాదాలకు బలయ్యేవాళ్లు 3 లక్షల 30 వేలు. తక్కిన వాళ్లంతా జబ్బులతో, ఏ పత్రికలోనూ వార్త కాకుండా పోతున్నవాళ్లు. ఫ్యాక్టరీలో బాయిలర్ పేలితే మంత్రులు వస్తారు, ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తారు. క్వారీ దుమ్ము పీల్చి పదేళ్లకు మంచాన పడ్డవాడి ఇంటికి ఎవరు వస్తారు?

ఎండ ఇప్పుడు కొత్త ముప్పు. 2024లో ఐఎల్ఓ లెక్కగట్టిన ప్రకారం ఏటా 240 కోట్ల మంది కార్మికులు మితిమీరిన వేడిలో పనిచేస్తున్నారు. మధ్య అమెరికా చెరకు తోటల్లో ఎండలో పనిచేసే కూలీల కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయన్న పరిశోధనను, కిడ్నీ జబ్బుతో బాధపడుతున్న మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఆశతో చూస్తోంది. ఉద్దానంలో కారణాలు ఇంకా తేలాల్సి ఉంది, కానీ దేశాలు కలిసి వెతకాల్సిన ప్రశ్నల్లో అదొకటని ఎవరూ కాదనలేరు.

నూట ఇరవై ఏళ్ల లెక్క చూస్తే ఐసీఓహెచ్‌కు మంచి మార్కులే పడతాయి. వైద్యాన్ని ఆసుపత్రి మంచం దగ్గరినుంచి పనిచోటికి నడిపించింది. 1700లో ఇటలీ వైద్యుడు రమజ్జీని, రోగిని అడగాల్సిన ప్రశ్నల్లో నువ్వు ఏం పని చేస్తావన్నది కూడా చేర్చమన్నాడు. ఆ ఒక్క ప్రశ్నను శాస్త్రంగా పెంచినవాళ్లకు నమస్కారం.

ఆ నమస్కారం మాటగానే మిగలకూడదంటే మనం చేయగలిగిన పని ఒకటుంది. చీమకుర్తి గ్రానైటు క్వారీలో గానీ, ఊరి చివరి క్రషర్‌లో గానీ పనిచేసేవాడు దగ్గుతో వస్తే, చాలాచోట్ల టీబీ మందులిచ్చి పంపేస్తున్నారు. పనేమిటని అడిగితేనే సిలికోసిస్ అన్న అనుమానం వస్తుంది. షెడ్యూలులోని వృత్తి వ్యాధి కనబడితే డాక్టరు ప్రభుత్వానికి తెలియజేయాలని పాత ఫ్యాక్టరీల చట్టంలో ఉండేది, దాని స్థానంలో వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లోనూ ఉంది. కాబట్టి మన డాక్టర్లకు ఒక విన్నపం: ఓపీ చీటీ మీద పేరు, వయసు, బరువు పక్కన ‘పని’ అని ఇంకో గడి గీయండి, అడిగి నింపండి. ఈ నూట ఇరవయ్యో ఏటికి అంతకు మించిన కానుక లేదు.